పసుపు నురగ

ఫైర్ సర్వీసులో పని చేశానని చెప్పగానే అందరూ ఒకటే అడుగుతారు, ఎన్ని మంటలు ఆర్పావని. నిజం చెబితే వాళ్ళకు చప్పగా ఉంటుంది. నా ఉద్యోగంలో సగం మంటల దగ్గర కాదు, మంట రాకుండా కాపలా కాసిన చోట్ల గడిచింది. జాతరలు, పటాకుల దుకాణాలు, పెద్దవాళ్ళ సభలు, హెలిప్యాడ్లు. అక్కడ ఏమీ జరగకపోతే మనం పని బాగా చేసినట్టు. ఏమీ జరగలేదు కాబట్టి మనం ఎందుకొచ్చామో ఎవరికీ గుర్తుండదు. భోజనాల్లో చివరి బంతి మనదే, అప్పటికి కూరలు అయిపోయి చారు మిగులుతుంది.

కొత్తగా చేరిన పిల్లలు ఈ కాపలా డ్యూటీ పడిందంటే మూతి ముడుస్తున్నారని విన్నాను. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సర్వీసు మొత్తం మీద నేను చూసిన ఒకే ఒక్క హెలికాప్టర్ ప్రమాదం అలాంటి డ్యూటీలోనే జరిగింది. దాన్ని తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాతే మిగతావన్నీ వస్తాయి.

అప్పుడు నేను లీడింగ్ ఫైర్‌మన్ని. మా స్టేషన్ భద్రాచలం వైపు. పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం దగ్గర వాగు మీద కొత్త వంతెన కట్టారు. దాన్ని ప్రారంభించడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన హెలికాప్టర్లో వస్తున్నాడు. ముందురోజు ఖాళీ హెలికాప్టర్ ఒకసారి దిగి చూసుకుంటుంది, దాన్ని ట్రయల్ అంటారు. ఆ ట్రయల్‌కు కూడా ఫైరింజన్ నిలబడాలి. నేనూ, మా డ్రైవరూ, ఇద్దరు ఫైర్‌మన్లూ తెల్లారకముందే బయలుదేరి వెళ్ళాం.

మా డ్రైవరుది సారపాక. వాళ్ళ నాయన అక్కడి కాగితం మిల్లుకు వెదురు లారీ తోలేవాడట. అడవి దారిలో ఏ మలుపు ఎక్కడుందో ఇతను కళ్ళు మూసుకుని చెప్పగలడు. అప్పుడప్పుడు నిజంగానే కళ్ళు మూసుకుని తోలుతున్నాడేమోనని నాకు అనుమానం వచ్చేది. నోరు మాత్రం ఒక్క క్షణం మూసేవాడు కాదు.

హెలిప్యాడ్ బడి ఆటస్థలంలో వేశారు. స్థలం ఒక పక్కకు వాలి ఉంటే చెరువు పూడిక మట్టి తెచ్చి పోసి చదును చేశారు. దాని మీద సున్నంతో పెద్ద వృత్తం, మధ్యలో గుర్తు. పక్కనే ఇప్పచెట్లు. అది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్ల కింద ఎండుటాకులు తగలబెట్టడం అక్కడ మామూలు. మేం వెళ్ళేసరికే రెండు మూడు చెట్ల కింద పొగ వస్తోంది. గూడెం వాళ్ళకు చెప్తే ఆర్పారు గానీ, ఒక మూల ఎక్కడో ఇంకా నిప్పు మిగిలే ఉంది.

ప్రొటోకాల్ చూసే అధికారి కుర్రవాడు, మంచివాడే. కాకపోతే రేపటి గురించిన భయం అతన్ని నిలవనిచ్చేది కాదు. నేల మీద ఎక్కడ దుమ్ము కనిపించినా మా బండి వైపు చూసేవాడు. హెలికాప్టర్ రెక్కల గాలికి దుమ్ము లేస్తే పైలట్‌కు నేల కనిపించదు, అందుకని కాస్త తడపడం సబబే. మేమూ కాస్త తడిపాం. అతనికి చాలలేదు.

"ఇంకో రౌండ్ కొట్టించండి. అటువైపు పొడిగా కనబడుతోంది" అన్నాడు.

"సార్, బండిల నీళ్ళు మంట కోసం. మీరు చెప్పినట్టు కొడితే అడుగు కనబడ్తది."

"రేపు పెద్దాయన తెల్లబట్టల్లో దిగుతారండీ."

"రేపు గదా సార్. ఇయ్యాల ట్రయలే."

"ట్రయల్ కూడా అచ్చం రేపటిలాగే ఉండాలి."

నేను ఒప్పుకోకపోతే అతను మా పై అధికారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "కొట్టండయ్యా, కొట్టి మళ్ళీ నింపుకోండి. హెలికాప్టర్ టైముకు ఎప్పుడొచ్చింది?" అన్నాడు ఆయన. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను కాపలా కాసిన హెలికాప్టర్లన్నీ ఆలస్యంగానే వచ్చాయి. మా డ్రైవరు ట్యాంకు అడుగంటేదాకా కొట్టి, నింపుకోవడానికి దగ్గర్లో ఎవరి బోరుందని అడగడం మొదలుపెట్టాడు.

ఈలోగా ఇంకో పేచీ వచ్చింది. గూడెం ఆడవాళ్ళు ఇంటికొకటి చొప్పున బిందెలు తెచ్చి, సరిగ్గా మా బండి హెలిప్యాడ్‌కు పోవాల్సిన దారిలో వరసగా దించారు. నిండా పసుపు నీళ్ళు, పైన మామిడాకులు. ఊరికి వచ్చిన చుట్టానికి కాళ్ళ మీద నీళ్ళు పోసి పిలుచుకోవడం వాళ్ళ పద్ధతి. పక్కనే కొమ్ముల తలపాగాలు పెట్టుకుని డోళ్ళతో నాట్యమాడే ఆటవాళ్ళు నిలబడ్డారు. ఆడవాళ్ళకు ముందు నిలిచినామె అరవై దాటిన మనిషి. అందరూ ఆమెను పెద్దమ్మ అని పిలిచేవారు. వాళ్ళలో వాళ్ళు కోయభాషలో మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగు.

"పెద్దమ్మా, ఈ బిందెలు గీడ పెడితే మా బండి ఎట్ల పోవాలె? జర పక్కకు పెట్టుండ్రి" అన్నాను.

"దించినంక కదిలియ్యం సారూ. సుట్టం కోసం దించిన నీళ్ళు సుట్టం కాళ్ళ మీదనే పోస్తం."

"ఇయ్యాల సుట్టం రాడు. ఇయ్యాల ట్రయల్. ఉత్త హెలికాప్టర్ వస్తది."

"ఉత్తగ ఎట్ల వస్తది? తోలేటోడు ఉండడా?"

"ఉంటడు."

"ఆయన మనిషే గదా. మా నేల మీద దిగుతడు గదా. ఆయనకే పోస్తం."

వెనక నుంచి మా డ్రైవరు నవ్వాడు. "సారూ, ఇన్నేండ్లల్ల పైలట్‌ను మనిషి లెక్క చూసింది ఈ పెద్దమ్మ ఒక్కతే. బండిని నేనే అటు తిప్పుకుంట, మీరు ఆమెతోని పెట్టుకోకుండ్రి" అని బండిని వెనక్కి తీసి బిందెల పక్కన నిలిపాడు.

సరిగ్గా అప్పుడు చప్పుడు వినిపించింది. నా జీవితంలో ముందుగా వచ్చిన ఒకే ఒక్క హెలికాప్టర్ అది. మా ట్యాంకు ఖాళీగా ఉంది.

చుట్టూ తిరిగి చక్కగా వచ్చింది. దుమ్ము ఒక్క రవ్వ కూడా లేవలేదు, ప్రొటోకాల్ అధికారి ముఖం వెలిగిపోయింది. చక్రాలు నేలను తాకాయి. అమ్మయ్య అనుకున్నాను. అంతలో పూడిక మట్టి పోసిన వైపు చక్రం నేలలోకి దిగిపోయింది. ఆ మట్టిని మేం మూడుసార్లు తడిపాం, అది అడుసై ఉంది. హెలికాప్టర్ అటు ఒరిగింది, రెక్క నేలకు తగిలింది, చెవులు గింగురుమన్నాయి. విరిగిన రెక్క ముక్కలు బడి కప్పు మీద నుంచి అవతలికి ఎగిరిపోయాయి. అందరం నేలకు కరుచుకున్నాం. తలెత్తి చూసేసరికి అది పక్కకు పడి ఉంది. ఇంజన్ ఆగిపోయింది. గాలికి రేగిన నిప్పు ఇప్పచెట్ల కింద ఆకుల్లో పాకడం మొదలుపెట్టింది.

ముందు అద్దం పగిలిన సందులోంచి ఇద్దరు పాక్కుంటూ వచ్చారు, కోపైలట్టూ ఇంజనీరూ. ఒంటినిండా బురద తప్ప దెబ్బలు పెద్దగా లేవు. "కెప్టెన్ లోపలే ఉన్నారు" అన్నాడు కోపైలట్.

పిల్లలూ, ఇక్కడొక మాట చెప్పాలి. హెలికాప్టర్ పడిపోయినప్పుడు లోపలి మనుషులు పడినందుకు పోతారన్న భయం కంటే, పడ్డాక మంట అంటుకుని పోతారన్న భయమే ఎక్కువ. ట్యాంకు చిట్లితే ఇంధనం కారుతుంది. ఇంజన్ పొగ వదిలే గొట్టం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆ రెండూ కలవకుండా చూడటమే మన పని. దానికి మన దగ్గరున్న మందు నురగ. ఇంధనం మీద దుప్పటిలా కప్పితే ఆవిరి పైకి రాదు. ఆ నురగ డబ్బాలు మా బండిలో నిండుగా ఉన్నాయి. కలపడానికి నీళ్ళే లేవు.

ఇద్దరు ఫైర్‌మన్లను మంట మీద పొడి చిమ్మే సిలిండర్లతో చెరో పక్క నిలబెట్టి నేను ముందుకు పరుగెత్తాను. హెలికాప్టర్ పొట్ట కింద నుంచి ధార కారుతోంది. ఎక్కడ చూసినా కిరసనాయిలు లాంటి వాసన. ఇంజన్ గొట్టం చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. పైలట్ పై వైపు సీట్లో ఉన్నాడు, అంటే ఇప్పుడు బెల్టుల మీద గాల్లో వేలాడుతున్నాడు. ఒక కాలు పెడళ్ళ మధ్య ఇరుక్కుంది. నడి వయసు మనిషి, విశాఖ వైపు యాస.

"బ్యాటరీ, ఫ్యూయల్ రెండూ ఆపేశానండి" అన్నాడు మొట్టమొదట. అలా వేలాడుతూ కూడా ముందు ఆ సంగతి చెప్పాడు. ఆ క్షణంలోనే అతనంటే నాకు గౌరవం కలిగింది. తర్వాత, "మెడ నొప్పిగా ఉంది, నన్ను తీయండి" అన్నాడు.

"గుంజుదాం సారూ. ఇద్దరం పడితే వస్తడు" అన్నాడు మా డ్రైవరు, నా వెనకే వచ్చి.

"రాడు. కాలు ఇరికింది. గుంజితే ఇది ఊగుతది. ఊగితే ఆ కారేది పోయి గొట్టం మీద పడ్తది. నువ్వు పోయి నీళ్ళు చూడు."

"యాడికెళ్ళి చూడాలె?"

ఇద్దరం ఒకేసారి బిందెల వైపు చూశాం. పొద్దుటి మాట నాకు గుర్తుంది. చుట్టం కాళ్ళ మీద తప్ప పోయం అంది. ఎలా అడగాలో తెలియక గొంతు సవరించుకున్నాను. అడగాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ అప్పటికే మొదటి బిందె చంకకెత్తుకుని ఫైరింజన్ దగ్గరికి నడుస్తోంది.

"కాళ్ళ మీద పోస్తే ఏంది, మీద పోస్తే ఏంది సారూ. నీళ్ళు ఆయనకే గదా" అంది, నా వైపు కూడా చూడకుండా. తర్వాత కోయభాషలో గట్టిగా ఏదో కేకేసింది. బిందెలన్నీ లేచాయి.

డ్రైవరు బండి పైకెక్కి ట్యాంకు మూత తీశాడు. "ఆకులు తీయుండ్రి తల్లీ, ఆకులు పోతే పంపు పట్టేస్తది" అని మొత్తుకున్నాడు. ఒక ఆటగాడు కొమ్ముల తలపాగా తీసి, దాని కింది గుడ్డ విప్పి పైకి విసిరాడు. దాన్ని ట్యాంకు నోటికి వడగట్టు బట్టలా కట్టారు. బిందెలు చేతులు మారుతూ పైకి వెళుతున్నాయి. ఆ వరసలో ప్రొటోకాల్ అధికారి కూడా ఉన్నాడు, అతని తెల్లచొక్కా అప్పటికే పసుపుపచ్చనైంది. మిగతా ఆటవాళ్ళు పచ్చి కొమ్మలు విరుచుకుని ఇప్పచెట్ల కిందికి పరుగెత్తారు. తలల మీద కొమ్ములు అలాగే ఉన్నాయి, మెడలో డోళ్ళు అలాగే ఊగుతున్నాయి, మంటను బాదుతున్నారు. అంత భయంలోనూ అది చూడముచ్చటగా ఉందని నాకు అనిపించింది.

నేను పైలట్ ఎదురుగానే నిలబడ్డాను. నా పని అప్పుడు ఒకటే, అతను బెల్టు విప్పకుండా చూడటం. విప్పితే తలకిందులుగా పడతాడు, పడితే ఆ అదురుకు హెలికాప్టర్ ఊగుతుంది. ఎదురుగా మనిషి తీయమని అడుగుతుంటే ఆగమని చెప్పడం కంటే కష్టమైన పని మన ఉద్యోగంలో లేదు. చెయ్యి పెట్టి లాగెయ్యాలని ఒళ్ళంతా అంటుంది. దాన్ని ఆపుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలి.

"బెల్టు విప్పొద్దు సార్. గట్లనే ఉండుండ్రి. పొద్దున ఏం తిన్నరు?"

"ఇడ్లీ" అన్నాడు, అడిగిందేమిటో అర్థం కానట్టు చూసి. "ఎంతసేపండీ?"

"పోస్తున్నరు సార్, బిందెలు."

"బిందెలా?"

"అవ్ సార్. బండి ట్యాంకులకు."

"ఫైరింజన్లో నీళ్ళు లేవా?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "ఉండె సార్. మీకు దుమ్ము లేవద్దని నేలకు కొట్టినం."

అతను వేలాడుతూనే నవ్వాడు. నవ్వితే మెడ నొప్పి పుట్టి ఆగిపోయాడు. "దుమ్ము మాత్రం లేవలేదండి, చాలా బాగా తడిపారు" అన్నాడు. నన్ను అంత మర్యాదగా తిట్టిన మనిషి ఇంకొకరు లేరు.

పంపు అందుకున్న చప్పుడు వినబడింది. డ్రైవరు అరిచాడు, నేను పక్కకు తప్పుకున్నాను. మా పైపు నుంచి నురగ వచ్చింది. ఎన్నేళ్ళుగానో తెల్లటి నురగ చూసినవాణ్ణి, ఇది లేత పసుపు రంగులో వచ్చింది. హెలికాప్టర్ పొట్ట కింద, నేల మీద, ఇంజన్ గొట్టం చుట్టూ, మా కాళ్ళ మీద, అంతటా పరుచుకుంది. ఎంతోసేపు రాలేదు, ఉన్న నీళ్ళు అయిపోయాయి. చాలినంత వచ్చింది.

అప్పుడు లోపలికి దూరాం. డ్రైవరూ ఒక ఫైర్‌మనూ కింద నుంచి భుజాలు ఆనించి అతని బరువు మోశారు. నేను బూటు తాడు కోసేస్తే కాలు జారి బయటికి వచ్చింది, బూటు పెడళ్ళలోనే ఉండిపోయింది. తర్వాత బెల్టు కోసి, మెడ కదలకుండా పట్టుకుని బయటికి తెచ్చి బడి బల్ల మీద పడుకోబెట్టాం. తల నుంచి పాదాల దాకా పసుపు నురగ, నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. పెద్దమ్మ వచ్చి అతని బూటు లేని కాలు చూసింది.

"తగిలినయ్ నీళ్ళు. సాలు" అంది.

ఇప్పచెట్ల కింది మంట ఆరిపోయింది. హెలికాప్టర్ అంటుకోలేదు. ఆ తర్వాత విచారణకు వచ్చిన వాళ్ళు చెప్పిందేమిటంటే, నేల అంత తడిగా ఉండబట్టే ఒరిగిందట, అంత తడిగా ఉండబట్టే రెక్క తగిలినప్పుడు నిప్పు పుట్టలేదట. ప్రొటోకాల్ అధికారి అందులో రెండో ముక్కనే పట్టుకున్నాడు, అతన్ని తప్పు పట్టలేను. మర్నాడు పెద్దాయన కారులో వచ్చి వంతెన ప్రారంభించి వెళ్ళాడు. తెల్లబట్టలకు దుమ్ము బాగానే అంటింది.

ఆయన వెళ్ళిన సాయంత్రం నేనూ డ్రైవరూ భద్రాచలం దవాఖానాకు వెళ్ళాం. పైలట్ మెడకు పట్టీ వేసి పడుకోబెట్టారు. మెడ ఎముక చిట్లిందట. బెల్టు మీద అలా నిలిచి ఉండబట్టి సరిపోయింది, ఒక్కసారి తలకిందులుగా పడి ఉంటే కాళ్ళూ చేతులూ జీవితాంతం కదిలేవి కావని డాక్టరు చెప్పాడు. మమ్మల్ని చూసి పైలట్ ముఖం విప్పారింది. కొత్తరకం హెలికాప్టర్లలో ట్యాంకులు రబ్బరు సంచుల్లా ఉంటాయట, పడినా చిట్లవట, ఇంధనం గొట్టాలు తెగితే వాటంతటవే మూసుకుంటాయట. తనది పాతది. ఇవన్నీ చెప్పి నా వైపు చూశాడు.

"మీకొక సంగతి చెప్పాలండి. మీరు విప్పొద్దన్నప్పుడు నా చెయ్యి బకిల్ మీదే ఉంది. మీ మాట వినకూడదనుకున్నాను. విప్పేసి ఎలాగోలా బయటపడదామనే నిశ్చయించుకున్నాను."

"మరి ఎందుకు విప్పలె సార్?"

"కిందికి చూశాను. మీరు ఫ్యూయల్లో నిలబడి ఉన్నారు. నా ట్యాంకులోంచి కారేదంతా వచ్చి మీ బూట్ల చుట్టూనే నిలిచింది. చిన్న రవ్వ పడితే ముందు మీరే. ఆ మడుగులో నిలబడి నన్ను ఏం తిన్నారని అడుగుతున్నారు. ఈయన అక్కడ నిలబడగలిగితే నేను ఇక్కడ వేలాడలేనా అనుకున్నాను. చెయ్యి తీసేశాను."

డ్రైవరు నా ముఖంలోకి చూశాడు. ఊరుకుంటే సరిపోయేది, ఆ మెప్పు నాకే మిగిలేది. నా నోరు ఊరుకోలేదు.

"నేను చూడలె సార్. మేం తడిపిన బురదే అనుకున్న. వాసన అంతటా ఉండె. తెలిస్తే ఆడ నిలబడేటోణ్ణి కాదు, బడి గేటు దాక ఉరికేటోణ్ణి."

పైలట్ నవ్వడం మొదలుపెట్టాడు. మెడ పట్టీని రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారేదాకా నవ్వాడు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి మా ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. నవ్వు ఆగాక అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు చూడకపోవడమే నన్ను బతికించిందండి" అన్నాడు.

అప్పుడు, ఆ మంచం పక్కన, ఒక రోజు ఆలస్యంగా నాకు భయం వేసింది. రెండో చేత్తో మంచం కడ్డీ పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి మా డ్రైవరు ఏమీ మాట్లాడకుండా స్టూలు నా వెనక్కి జరిపాడు. కూర్చున్నాను. పైలట్ నా చెయ్యి వదల్లేదు.